జాకీలమ్మ వద్దన్న ఇల్లు

మా అత్తయ్య ఇళ్ళు ఎత్తుతుంది.

ఈ మాట చెప్పగానే కొత్తవాళ్ళు నా వంక అదోలా చూస్తారు. అందుకని విడమరిచి చెప్పడం నాకు అలవాటైపోయింది. రోడ్డు వేసినప్పుడల్లా పాతదాని మీదే కొత్తది పోస్తారు కదా. అలా పోసీ పోసీ రోడ్డు పైకొస్తుంది, పక్కనున్న ఇల్లు గోతిలో పడ్డట్టవుతుంది. వాన పడితే వీధిలో నీళ్ళన్నీ నేరుగా నట్టింట్లోకే. అలాంటి ఇంటి పునాది చుట్టూ తవ్వి, గోడల కింద కొద్దికొద్దిగా తొలిచి, ఇనప దూలాలు దూర్చి, వాటి కింద లారీలకి వాడే జాకీలు వరసగా పెట్టి, ఇంటికి ఇంటినే పైకి లేపుతుంది మా అత్తయ్య. తలుపులూ, కిటికీలూ, గోడ మీది ఫోటోలూ, అటక మీది పాత ట్రంకు పెట్టెలూ అన్నీ ఉన్నచోటే ఉంటాయి. తర్వాత కింద ఇటుకలు కట్టేసి జాకీలు తీసుకుని వెళ్ళిపోతుంది.

పని జరిగేటప్పుడు చూడాలి! ఒక్కో జాకీ దగ్గర ఒక్కో మనిషి కూర్చుంటాడు. అత్తయ్య ఖాకీ కోటు వేసుకుని గుమ్మానికెదురుగా నిలబడి "ఒక్క మలుపూ... తిప్పు!" అని కేకేస్తుంది. అందరూ ఒక్కసారే తిప్పాలి. ఒకడు ముందూ ఒకడు వెనకా అయితే గోడ చీలుతుంది. నేను నీళ్ళు నింపిన సన్నటి ప్లాస్టిక్ గొట్టం పట్టుకుని నాలుగు మూలలా మట్టం చూస్తుంటాను. మొదట ఏమీ జరగదు. జాకీలు బిగుసుకుంటాయి, దూలాలు మూలుగుతాయి, అంతే. తర్వాత ఎక్కడో కిర్రుమంటుంది. పునాదికీ గోడకీ మధ్య వెలుతురు గీత ఒకటి పుడుతుంది. ఆ సందులోంచి అవతల పక్క కూర్చున్నవాడి చెప్పులు కనిపిస్తాయి. అంత ఇల్లూ గాల్లో ఉందన్నమాట! ఎన్నిసార్లు చూసినా నాకు ఎగిరి గంతేయాలనిపిస్తుంది. ఒకసారి గంతేశాను కూడా. గొట్టంలో నీళ్ళు ఒలికిపోయి అత్తయ్య చేత చెడామడా తిట్లు తిన్నాను.

ఊళ్ళో అందరూ ఆవిణ్ణి జాకీలమ్మ అంటారు. ఆ పిలుపులో మర్యాద ఎంత ఉందో మంట కూడా అంతే ఉంది. ఎందుకంటే ఆవిడ ఒప్పుకునే ఇళ్ళకంటే కాదనే ఇళ్ళు ఎక్కువ. కాళ్ళావేళ్ళా పడ్డా లాభం ఉండదు. ఫోను ఎత్తేది నేను కాబట్టి ఆ శాపనార్థాలన్నీ నా చెవినే పడతాయి.

అసలు సంగతేంటంటే, ఇల్లు లేచేటప్పుడు ఇంటివాళ్ళలో ఒకరు లోపలే ఉండాలని ఆవిడ నియమం. ఏ పగులు పాతదో, ఏది ఇప్పుడే పుట్టిందో అక్కడ బతికినవాళ్ళకే తెలుస్తుంది. కొత్తది కనిపిస్తే "ఆపండి" అని అరవాలి. అరవగానే పని ఆగాలి. మొదట్లో ఒక ఇంట్లో ఇలాగే ఒక పెద్దావిణ్ణి కాపలా పెట్టారు. ఆవిడ కళ్ళముందే వంటింటి గోడ నెర్రె విచ్చింది. ఆవిడ చూస్తూ కూర్చుంది. చివరికి సగం గోడ పొయ్యి మీద కూలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు కానీ అత్తయ్యకి ఆ రోజు ముద్ద దిగలేదు. "నేను చూశానమ్మా," అందట ఆ పెద్దావిడ, "అంతమంది ఎండలో కష్టపడుతున్నారు, మధ్యలో ఆపమంటే ఏం బావుంటుందీ అని ఊరుకున్నాను."

అప్పట్నించీ అత్తయ్య నేల చూస్తుంది, గోడ చూస్తుంది, ఆ తర్వాత మనుషుల్ని చూస్తుంది. "పుచ్చిపోయిన గోడనైనా ఎత్తుతాను గానీ మొహమాటం ఉన్న ఇల్లు ఎత్తను" అంటుంది.

మొహమాటం ఉందో లేదో ఎలా తెలుస్తుందీ అంటారా? అది చూసి తీరాలి. ఇల్లు చూడ్డానికి వెళ్ళిన అత్తయ్య అప్పుడే తుడిచిన గచ్చు మీద బురద బూట్లతో నడుస్తుంది. ఎవరో ఆసక్తిగా చూస్తున్న టీవీ కట్టేస్తుంది. ఇంటి పెద్దాయన కుర్చీలో కూలబడి కాళ్ళు చాపుతుంది. పక్కన నిలబడ్డ నాకు తల కొట్టేసినట్టుంటుంది. ఇంటివాళ్ళు పళ్ళు బిగబట్టి "ఫర్లేదండీ, ఫర్లేదు" అన్నారో, అయిపోయింది వాళ్ళ పని. అత్తయ్య టీ తాగి, బావుందని చెప్పి, లేచి వచ్చేస్తుంది. అదే ఎవరైనా "అమ్మా, అది మా మావయ్యగారి కుర్చీ, ఇటు కూర్చోండి" అన్నారనుకోండి, ఆవిడ మొహం వెలిగిపోతుంది. ఒకచోట ఒక చంటిపిల్ల "నా బొమ్మ మీద కూర్చున్నావు, లే!" అని కోటు పట్టుకు లాగింది. ఆ ఇల్లు అక్కడికక్కడే ఖాయమైపోయింది.

ఇక మా ఇంటి సంగతికొస్తాను.

మా నాన్న దర్జీ. ముందు గది కొట్టు, వెనక గదులు ఇల్లు. నాన్నంత మంచి పనివాడు, నాన్నంత మొహమాటస్తుడు ఈ చుట్టుపక్కల లేరు. అత్తయ్య పది పనులొస్తే తొమ్మిది కాదంటుంది, నాన్న దగ్గరికి ఎన్నొస్తే అన్నీ తీసుకుంటాడు. రేపటికి కావాలంటే రేపటికే అంటాడు. పాపం, అనేటప్పుడు నిజంగానే అంటాడు. మర్నాడు ఆ మనిషి రాగానే ఇంకో ఇద్దరి బట్టలు ఒప్పుకుని, ఈ మనిషికి టీ తెప్పిస్తాడు. చివరికి అందరూ తిట్టేవాళ్ళే. అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్ళకీ పోలికలుంటాయంటారు గానీ ఈ ఇద్దరి విషయంలో దేవుడు లెక్క తప్పాడని అమ్మ అంటుంది.

మా ఇల్లు వీధికంటే బాగా కిందికి దిగిపోయింది. లోపలికి రావాలంటే మెట్లు దిగాలి. పోయిన వానల్లో మిషను కాళ్ళదాకా నీళ్ళొచ్చాయి. కుట్టడానికిచ్చిన బట్టలు మంచాల మీదికెక్కించి మేం బల్లల మీద కూర్చున్నాం. గోడలు కింద అంతా ఉబ్బిపోయాయి. ఇంకో వానాకాలం నానితే ఎత్తడానికి కూడా పనికిరావని అత్తయ్యే చెప్పింది. అంటే వానల్లోపు లేపితే ఇల్లుంటుంది, లేకపోతే పడగొట్టి ఎక్కడికో అద్దెకి పోవాలి. అక్కడ నాన్నకి కొట్టుండదు.

"మరి ఎత్తమ్మాయ్!" అంది అమ్మ.

"మా అన్నయ్య ఇల్లు నేను పట్టుకోను వదినా. ఇంకెవర్నైనా చూసుకోండి."

"చుట్టాలమని లోకువా?"

"లోపల కూర్చుని నన్ను ఆపమనాల్సింది అన్నయ్య. గోడ వచ్చి నెత్తిన పడుతున్నా 'ఫర్లేదు చెల్లాయ్, కానీ' అంటాడు. నా వల్ల కాదు."

"నాన్న బదులు నేనుంటాను" అన్నాను.

"నువ్వుంటే మట్టం ఎవరు చూస్తారే? వదిన ఉంటుందా?"

అమ్మకి కళ్ళజోడు పెట్టుకున్నా దారం కనబడదు. ఇక పగులేం కనబడుతుంది? నాన్న కత్తెర పట్టుకుని తల వంచుకునే ఉన్నాడు. ఆయన గురించి అత్తయ్య అన్న మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు, అందుకే నాకు ఇంకా ఒళ్ళు మండింది.

పైగా అదే వారం పెద్ద డాక్టరుగారి మేడ బేరం వచ్చింది. రెండంతస్తులు! అలాంటిది ఇదివరకెప్పుడూ చెయ్యలేదు. డాక్టరుగారి భార్య అత్తయ్యని గుమ్మంలోనే ఆపి "బూట్లు బయట విప్పి రండి" అంది. పరీక్ష మొదలవకముందే నెగ్గేసిందన్నమాట. జాకీలు ఒక్క ఇంటికే సరిపోతాయి. వానల్లోపు చెయ్యగలిగేది కూడా ఒక్క ఇల్లే. మామూలుగా అయితే ఆ మేడ పేరు చెబితేనే నేను గాల్లో తేలిపోయేదాన్ని. ఈసారి అత్తయ్య వ్యాన్‌లో దాని గురించి మాట్లాడుతుంటే నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆవిడకి అర్థమైంది. కాస్త దూరం పోయాక వ్యాన్ ఆపేసింది.

"సరే. మీ నాన్న నా ఎదురుగా ఒక్క గిరాకీని కాదంటే మీ ఇల్లు పట్టుకుంటాను. శనివారం పొద్దుణ్ణించీ కొట్లోనే కూర్చుంటా. కనక అనలేదో, ఆదివారం జాకీలు డాక్టరుగారింటికి పోతాయి."

ఇంట్లో ఇక ఒకటే హడావిడి. ఒక్కమాట, "కుదరదు" అంటే చాలు, ఇల్లు దక్కుతుంది! అమ్మా నేనూ నాన్నని కూర్చోబెట్టి అభ్యాసం చేయించాం. అమ్మ పాత తలగడ గలీబు పట్టుకుని గిరాకీలా లోపలికొచ్చింది.

"ఏమండీ, దీన్ని రేపటికల్లా చొక్కాగా కుట్టివ్వాలి."

నాన్న గలీబు అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "చేతులకి చాలదే... పొట్టి చేతులైతే సరిపెడతాను."

"నాన్నా! కుదరదనాలి!"

"అదే, కుదరదనే అంటున్నాను. పొడుగు చేతులు కుదరవు."

అమ్మ నుదురు కొట్టుకుంది. నేను పడీపడీ నవ్వాను, ఆ తర్వాత భయమేసింది. నాన్న మాత్రం ఆ రెండు రోజులూ మిషను తొక్కుతూ "కుదరదు, కుదరదు" అని పెదాలు కదుపుతూనే ఉన్నాడు.

శనివారం అత్తయ్య చెప్పినట్టే వచ్చి కొట్లో స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చుంది. నేనూ అమ్మా గుమ్మం కర్టెను వెనక.

మొదట బ్యాంకు కాపలా ఆయన చిరిగిన కోటు తెచ్చాడు. నాన్న గొంతు సవరించుకున్నాడు. మేం ఊపిరి బిగబట్టాం. "సాయంత్రం రండి" అన్నాడు నాన్న. తర్వాత కిటికీ కర్టెన్లకని ఇద్దరు మొగుడూ పెళ్ళాలొచ్చారు. ఆ గుడ్డంతా పరిచి కొలిచేసరికే మధ్యాహ్నం దాటింది. వాళ్ళనీ కాదనలేదు. ఇంతలో ఒకాయన బొచ్చుకుక్కని చంకలో పెట్టుకుని దిగాడు. వానకి తడవకుండా దానికో కోటు కావాలట, రేపటికే కావాలట. ఇంతకంటే మంచి అవకాశం మళ్ళీ రాదు. కర్టెను వెనకనుంచి నేను రెండు చేతులూ అడ్డంగా ఊపాను. నాన్న నా వంక చూశాడు, కుక్క వంక చూశాడు. కుక్క కూడా జాలిగా చూసింది. టేపు తీసి దాని నడుం కొలిచాడు.

"తోక్కి విడిగా వదలాలా?" అని కూడా అడిగాడు.

అమ్మ అక్కడే కింద కూర్చుండిపోయింది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చేశాయి. మరీ ఇంత మెతకతనమా! కుక్కని కూడా కాదనలేని మనిషికి ఇల్లెందుకు?

కుక్కాయన వెళ్ళగానే అత్తయ్య లేచింది. ఆవిడ మొహంలో గెలిచిన సంతోషమేమీ లేదు. "సరే అన్నయ్యా, నే వెళ్తాను. రేపు డాక్టరుగారింట్లో మొదలెడుతున్నాం," అని, మాట మార్చడానికన్నట్టు తన ఖాకీ కోటు విప్పింది. "ఈ జేబు ఊడిపోయింది. చేతిలో పనేగా, కాస్త కుట్టివ్వు."

నాన్న చెయ్యి అలవాటు కొద్దీ ముందుకెళ్ళింది. కోటు అందుకుంది. జేబు పైకెత్తి చూసింది. అక్కడ ఆగింది. నాన్న ఆ కోటుని మడతపెట్టి, బల్ల మీదినుంచి అత్తయ్య వైపు తోసేశాడు.

"కుదరదు."

"ఏంటీ?"

"కుదరదన్నాను. వినబళ్ళా? పొద్దుణ్ణించీ నా కొట్లో కూర్చుని నన్నే పరీక్ష చేస్తావా? నీకు సూదిలో దారం ఎక్కించడం నేర్పింది ఎవరే? నా ఇల్లు ఎత్తవు గానీ నీ జేబు మాత్రం నేను కుట్టాలా? కుదరదంటే కుదరదు. తీసుకుని నడు!"

మా నాన్న వేలు వీధి వైపు చూపిస్తోంది. అమ్మ కర్టెను పట్టుకు లేచిన విసురుకి కర్టెను ఊడి నా నెత్తిన పడింది. దాని కిందనుంచి నాకు అత్తయ్య నవ్వు వినిపించింది. నవ్వు కాదది, పగలబడటం.

"చెల్లెల్ని కసిరితే లెక్కలోకొస్తుందా అమ్మాయ్? గిరాకీని కదా కాదనమన్నావు?" అంది అమ్మ, ఇంకా నమ్మలేక.

"గోడ దగ్గర ఆయన ఆపాల్సింది ఎవర్ని వదినా? నన్నేగా!" అంటూ అత్తయ్య అప్పటికే ఫోను తీసేసింది. "డాక్టరుగారింట్లోనా అండీ? నేను జాకీల మేడంని. ఈ వానల్లోపు మీ మేడ కుదరదండీ."

రెండంతస్తుల మేడ! దాన్ని కాదని మా పెంకుటిల్లు! నేను గంతేశాను. ఈసారి ఒలకడానికి నీళ్ళు లేవు కాబట్టి ఎవరూ తిట్టలేదు.

పునాది తవ్వడం, దూలాలు దూర్చడం చకచకా అయిపోయాయి. ఎత్తే రోజు పొద్దున్నే మబ్బు పట్టింది. వీధంతా గట్టు మీద చేరింది. అమ్మని ఎదురింటి అరుగు మీద కూర్చోబెట్టాం. నాన్న ఒక్కడే లోపల. కిటికీ తీసే ఉంచాడు. అత్తయ్య ఎదురుగా నిలబడింది.

"ఒక్క మలుపూ... తిప్పు!"

పట్టుమని నాలుగు మలుపులైనా కాలేదు, లోపల్నించి "ఆపండి!" అని కేక. అందరూ ఆగారు. నాన్న కిటికీలో కనిపించాడు, చేతిలో పటం పట్టుకుని. "ఏం లేదు... మేకు ఊడింది. పగులనుకున్నాను." ఎవడో కిసుక్కుమన్నాడు. నాన్న మొహం పాలిపోయింది. ఇక ఈ మనిషి నోరు మళ్ళీ తెరుచుకోదనుకున్నాను.

"నవ్వినవాడు జాకీ వదిలి ఇంటికెళ్ళొచ్చు," అంది అత్తయ్య. "అన్నయ్యా, మేకు ఊడినా అరిచెయ్. బల్లి కదిలినా అరిచెయ్. ఎన్నిసార్లైనా ఆపుతాను. సరేనా?"

నాన్న తలూపి లోపలికెళ్ళాడు. మళ్ళీ తిప్పారు. కిర్రుమంది. నేను నేల మీద బోర్లా పడుకుని చూశాను. వెలుతురు గీత! మా ఇంటి కింద! అవతలి పక్క చెప్పులు, వాటి వెనక పెరట్లో బకెట్టు అన్నీ కనిపించాయి. "లేచిందే అమ్మా!" అని అరిచాను. ఎదురింటి అరుగు మీద అమ్మ కూడా లేచి నిలబడింది.

"ఆపవే!"

ఈ కేక వేరు. మొహమాటం మాట అటుంచి, మర్యాద కూడా లేదు అందులో. అత్తయ్య చెయ్యెత్తింది, అందరూ బిగుసుకుపోయారు. నేను గొట్టం పట్టుకుని వెనక మూలకి పరిగెత్తాను. అక్కడ మట్టం దిగిపోయింది. ఒక జాకీ కింద చెక్క పక్కకి ఒరిగి మెత్తటి మట్టిలోకి దిగుతోంది. ఇంకో రెండు మలుపులు తిరిగుంటే ఆ మూల గోడ నాన్న మీదికే వచ్చేది. అత్తయ్యే ఇంటి కిందికి దూరి, మట్టి గట్టి చేయించి, ఇనప రేకు వేసి, మరో రెండు జాకీలు పక్కన పెట్టించింది. బయటికొచ్చేసరికి మోచేతులదాకా బురద. అందరూ జాకీలు తిప్పే కడ్డీలు పట్టుకుని ఆవిడ నోటి వంక చూస్తున్నారు.

ఆవిడ నోరు తెరిచింది. మాట రాలేదు.

మళ్ళీ తెరిచింది. రాలేదు. ఇన్నేళ్ళుగా ఆవిడతో ఉన్నాను, ఆ గొంతు ఆగడం నేనెప్పుడూ చూళ్ళేదు.

"అత్తయ్యా?"

"లోపల మా అన్నయ్య ఉన్నాడే," అంది నాకు మాత్రమే వినపడేలా. అప్పుడు తెలిసింది నాకు, ఈవిడ మా ఇల్లు ఎందుకు వద్దందో. మొహమాటం, నియమం, పరీక్ష అన్నీ పైపైవి. ఈవిడకి భయం. ఊరందరి ఇళ్ళూ ఎత్తిన మనిషికి మా ఇల్లంటే భయం. నాకు ఆవిడ మీద ఎంత ప్రేమొచ్చిందో చెప్పలేను. కానీ ఇల్లు గాల్లో ఉంది, పైన మబ్బు కమ్మేసింది, వాన మొదలైతే ఆ మట్టి నిలవదు.

నాన్న కిటికీలోకి వచ్చాడు. "ఏమైందే?"

"నా వల్ల కావట్లేదు అన్నయ్యా. నువ్వు బయటికొచ్చెయ్."

"రాను," అన్నాడు నాన్న. "ఇందాక పుట్టిన పగులు చివర సుద్దముక్కతో గీత పెట్టాను. గీత దాటలేదు. దాటితే అరుస్తాను. తిప్పించు."

"నోరు పెగలట్లేదు."

నాన్న వీధి మొత్తాన్ని ఒకసారి చూశాడు. గట్టు మీది జనాన్ని, జాకీల దగ్గర మనుషుల్ని, బురదలో నిలబడ్డ చెల్లెల్ని. కిటికీ ఊచలు రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఒక్క మలుపూ... తిప్పు!"

ఎవరూ కదల్లేదు. అత్తయ్య వంక చూశారు. ఆవిడ తలూపింది. అందరి చేతులూ ఒక్కసారే తిరిగాయి, గొట్టంలో నీళ్ళు నాలుగు మూలలా సమంగా నిలిచాయి. నాన్న లోపలికెళ్ళి గీత చూసుకుని, మళ్ళీ కిటికీలోకొచ్చి అరిచాడు. మళ్ళీ తిరిగాయి. గుమ్మం వీధిని అందుకుంది, వీధిని దాటింది. మా నాన్న గొంతు అంత పెద్దదని ఆ వీధిలో ఎవరికీ తెలీదు, మాకూ తెలీదు. అమ్మ ఎదురింటావిడ భుజం పట్టుకుని ఊపేస్తోంది. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో చూసుకునే తీరిక లేదు. అత్తయ్య బురద చేతులతో గొట్టం రెండో కొస పట్టుకుని నా కింద పనివాడిలా మట్టం చూస్తోంది.

దారిన పోయే ఒకాయన సైకిలు దిగి, ఆ కేకలు కాసేపు విని, "ఎవరమ్మా ఆ మేస్త్రి?" అని అడిగాడు.

"మా అన్నయ్య," అంది అత్తయ్య.